ఆరో వచనం తర్వాత

డిసెంబర్ 27, శనివారం

కొత్త ఏడాదికి చర్చిలో పంచే వాగ్దానం కార్డులు తెచ్చేశాను. హమ్మయ్య. ఛత్తా బజార్‌లో బండి పెట్టే జాగా ఏది? మదీనా చౌరస్తా దగ్గర ఎక్కడో ఆపి, పెళ్లి కార్డులు బేరమాడే జనాన్ని తోసుకుంటూ నడక. చెప్పు తెగింది. ప్రెస్సులో మా కట్ట శుభలేఖల కింద ఎక్కడో అడుగున. బంగారు అంచు వేయించాను ఈసారి. ముచ్చటగా ఉన్నాయి.

ప్రెస్సు ఖలీల్ భాయ్ ఒక కార్డు విడిగా తీసి పెట్టాడు. "మేడమ్, ఇది జర చూడుండ్రి. 'మీరు దేవుళ్లు' అని ఉంది. గలత్ పడ్డదా? మీ దగ్గర గూడ దేవుడు ఒక్కడే గదా?"

"గలత్ గాదు భాయ్. కితాబ్‌ల ఉన్నదే రాసిచ్చిన."

"కితాబ్‌ల ఉంటే ఠీక్ హై."

ఆ కార్డు అందుకుని చూడనైనా లేదు. తెగిన చెప్పు చేతిలో, చిరాకు ముఖాన. కార్డుల మీదికి బైబిల్ వచనాలు ఏరే పని ఈ ఏడు చర్చి అయ్యగారు నాకు అప్పజెప్పారు — "సెమినరీకి పోతున్నవ్ గదమ్మా రూతూ, నీకంటే ఎవరికి దెలుస్తది" అని. స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యమధ్యలో ఏరాను. మంచి మాట కనబడితే చాలు, టక్కున రాసుకోవడం. ముందూ వెనకా ఎవరు చూస్తారు? అన్ని కార్డులూ అలాగే ఏరుతారు, ఎప్పుడూ.

డిసెంబర్ 29

సుగుణ వదిన మళ్లీ మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. పై గదికి ఎక్కేలోపే. పెదవులు నల్లబడి... మా ఆయన డేవిడ్ నీళ్ల చెంబు పట్టుకుని పరుగు. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆ అక్కే. ఆమె అలా చతికిలబడితే ఈయన మనిషిలో ఉండడు.

గుండెలో వాల్వు పాడైంది, కోయక తప్పదని డాక్టర్ చెప్పి ఎన్నాళ్లయింది. జనవరి దాటనియ్యొద్దని డేవిడ్‌ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. వదిన ఒకటే పాట — "నా రొమ్ము కోసి మల్ల కుడ్తరా? నేనేమన్న పూలదండనా? నేను రాను పో." తెల్లారకముందే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయి పూల మూటలు నెత్తిన మోసుకొచ్చిన మనిషి. ఇప్పుడు పూలు ఇంటికే తెప్పించుకుని, కూర్చుని గుచ్చుతోంది. భయం. ఒప్పుకోదు గానీ ఒట్టి భయం.

జనవరి 1

ఆరాధన అయ్యాక పళ్లెంలో కార్డులు. ఒక్కొక్కరే వచ్చి, కళ్లు మూసుకుని, ఒకటి తీసుకోవడం. ఆ ఏడాదికి దేవుడు మనతో అన్న మాట అదే. నేనే ఏరాను, నేనే కట్టలు విప్పాను, అయినా నా వంతు వచ్చేసరికి నేనూ గట్టిగా కళ్లు మూసుకున్నాను. "భయపడకు" అని వచ్చింది. ప్రతి ఏడూ నాకు ఇదే.

వదిన తీసింది. "అద్దాలు ఇంట్ల మర్చిన. సదువే."

చదివాను. మీరు దేవుళ్లు, మీరందరూ సర్వోన్నతుని పిల్లలని నేనే అన్నాను. ఎనభై రెండో కీర్తన, ఆరో వచనం.

"బిడ్డనంటనా? సర్వోన్నతుని బిడ్డనంటనా నేను?" నా చెయ్యి నలిపేసింది. గేటు దాటేలోపు సంఘమంతా చూపించింది ఆ కార్డు.

మధ్యాహ్నం బిర్యానీ తింటూ, ఉల్లిగడ్డ అడిగినంత మామూలుగా — "తమ్మీ, గా డాక్టర్‌కు చెప్పు. చేయించుకుంట." డేవిడ్ ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి, గ్యాస్ పొయ్యి పక్కన నిలబడి ఏడ్చాడు. "నువ్వు ఏరిన వచనమేనే" అన్నాడు. ఎంత ఉప్పొంగిపోయానో. పేజీకి అబద్ధమెందుకు, గాల్లో తేలాను.

సాయంత్రం, కీర్తన మొత్తం ఒకసారి చదువుదామని బైబిల్ తీశాను.

ఏడో వచనం. అయినా మీరు మనుషుల్లాగే చస్తారు.

అయ్యో దేవుడా.

జనవరి 2

ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో డేట్ దొరికింది. ఇరవైన చేరాలి, ఇరవై రెండున ఆపరేషన్.

జనవరి 3, శనివారం

సెమినరీలో శనివారం బైబిల్ క్లాసు. అడక్కుండా ఉండలేకపోయాను. ప్రభాకర్ సార్ ముఖం వెలిగిపోయింది. పాత నిబంధనలో ఆయనకు ప్రాణమైన గొడవట ఇది. బోర్డు మీద వలయం గీశాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు దేవుళ్లు, మధ్యలో నిలబడింది దేవుడు. "సభల నిలబడి తీర్పు చెప్తున్నడు. బీదోళ్లకు న్యాయం చెయ్యకపోతిరి, గందుకే మీరు గూడ చస్తరు పోండ్రి అంటున్నడు."

ఎవరు ఆ కూర్చున్నవాళ్లు? కొందరు పండితులు అంటారట — పరలోకంలో ఆయన కింద కొలువు చేసేవాళ్లు, ఒక్కో జనానికి ఒక్కో దేవుడు. కాదు, అన్యాయపు తీర్పులు చెప్పిన న్యాయాధిపతులు, ఒట్టి మనుషులు అని ఇంకొందరు. అదీ కాదు, సీనాయి కొండ కింద ఆజ్ఞలు వినడానికి నిలబడ్డ ఇశ్రాయేలు జనమంతా అని మరికొందరు.

"అంటే అప్పట్ల వాళ్లు ఒక్క దేవుణ్ణి నమ్మలేదా?" వెనక బెంచీ ఆయన గయ్యిమన్నాడు.

"నమ్మిండ్రు. కని వేరేటోళ్లు లేనే లేరనుకున్నరా, ఉన్నరు గని మొక్కమనుకున్నరా — లొల్లంత అక్కడనే." వేరొకడు లేడని ప్రవక్తలు గట్టిగా అనడం తర్వాత్తర్వాత వచ్చిందని కొందరి వాదన. అసలు 'ఏకదేవవాదం' అనే మాటే మన కాలపుదని, దాన్ని తీసుకుపోయి వాళ్ల నెత్తిన పెట్టామని అనేవాళ్లూ ఉన్నారట.

బెంచీ ఆయన బైబిల్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకూ పోబుద్ధైంది. పోలేదు. వలయం బొమ్మ నోట్సులో ఎక్కించుకున్నాను. చిన్నప్పటి నుంచి 'ఒక్కడే' అని పాడిన నోరు ఇది. ఆ చుట్టూ కూర్చున్నవాళ్లను ఇప్పుడు ఏం చేసుకోను?

జనవరి 4, ఆదివారం

అయ్యగారిని ఆపి అడిగాను. ఒక్క నిమిషం పట్టలేదు ఆయనకు. "న్యాయాధిపతులమ్మా. మనుషులే. వేరే దేవుళ్లు గిట్ల ఏం లేరు. గా క్లాసులకు జర దూరముండు." మనుషులైతే ఆ చావు మాట కూడా మనుషులకే కదా అయ్యగారూ... నాలుక చివరిదాకా వచ్చింది. వదిన పక్కనే ఉంది. కార్డు ఆమె పర్సులో.

దీనికి తోడు ఇంటింటి ప్రార్థన కూడికలు ప్రకటించారు. మా ఇంటి వంతు పదహారు, శుక్రవారం. మా సంఘం పద్ధతి ఉంది కదా — జనవరిలో ఏ ఇంటికి పోతే ఆ ఇంటివాళ్ల వాగ్దానం ఉన్న అధ్యాయం అందరూ లేచి నిలబడగా మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదవాలి, ఆ తర్వాతే వాక్యం చెప్పడం. "సుగుణమ్మకు ఆపరేషన్ ఉన్నది గదా, ఆమె వాగ్దానమే తీసుకుందం. సదివేది, చెప్పేది రూతమ్మ." అందరూ ఆమేన్. వదిన అందరికంటే గట్టిగా.

జనవరి 6

సరే, దేవుళ్లే అనుకుందాం. పరలోకపు సభవాళ్లు. అప్పుడు చావు తీర్పు వాళ్లది, వదినకు దాంతో పని లేదు. బాగుంది. కానీ సర్వోన్నతుని పిల్లలూ వాళ్లే అవుతారు! పక్కింటి వాళ్ల పార్సిల్ విప్పుకుని మురిసిపోతున్నట్టు అవుతుంది వదిన పని.

మనుషులే అనుకుందాం. అప్పుడు బిడ్డ అన్న మాట వదినదే. చస్తావన్న మాటా వదినదే.

ఒకటి ఉంచుకుని ఒకటి తీసి పారేసే దారి... లేదు. ఆరుకీ ఏడుకీ మధ్య చీమ దూరే సందు లేదు. రెండూ ఒకే నోట, ఒకే గుంపుతో అన్న మాటలు. ఏ పండితుణ్ణి పట్టుకున్నా ఇంతే.

జనవరి 7

తలనొప్పి. పదో తరగతి వాళ్ల మీద ఊరికే అరిచాను.

జనవరి 9

పై గదిలో వదిన పక్కన కూర్చుని బంతిపూలు అందించాను. ఇంత పొడుగు దండ. ఎవరికి అంటే — "మైసమ్మకు. అగో, గా గులాబీలది దర్గాకు. చిన్నది పెండ్లి పిలగానికి." గుచ్చుతున్నంతసేపూ పెదవులు ప్రభువా, ప్రభువా అని కదులుతుంటాయి. ఏ దండకైనా అదే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, ఈరోజే వింతగా అనిపించింది.

"నీకేమనిపియ్యదా వదినా? వేరే దేవుళ్లకు..."

"దండ వాళ్లకు. నేను ఆయనకు." దారం పళ్లతో కొరికింది. "ఏందే, ఈ నడుమ అన్నీ తిక్క ప్రశ్నలు? సెమినరీల గిదేనా నేర్పేది?"

ఇది ఆ రెండో రకమా? ఉన్నారని ఒప్పుకుంటూనే ఒక్కరికే మొక్కడం? సార్ దానికి ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు. వదినకు ఆ పేరు పెడితే చెప్పు తీసుకుంటుంది.

కిందికి దిగుతుంటే అజాన్. వాళ్లకు రోజూ ఎంత నిశ్చింతగా తేలిపోతుందో ఈ లెక్క. అసూయ వేసింది, నిజంగా.

జనవరి 10, శనివారం

క్లాసయ్యాక సార్‌కు మొత్తం చెప్పేశాను. కార్డు, వదిన, ఆపరేషన్. సార్ చాక్‌పీసు ముక్క బల్ల మీద పెట్టాడు.

"నేను చెప్పేది అప్పటి జనానికి ఆ కీర్తన ఎట్ల వినపడ్డదో, గంతే. మీ వదినకు ఎట్ల వినపడాల్నో... నాకు దెల్వదమ్మా."

"యేసు ప్రభువు గూడ ఆ మాటనే ఎత్తి వాదించిండు గదా సార్, యోహాను సువార్తల?"

"ఎత్తిండు. ఏ అర్థంల ఎత్తిండో, దాని మీద గూడ ఇంత లొల్లి ఉన్నది."

ఒళ్లు మండింది. ఏది అడిగినా దాని మీద లొల్లి ఉందంటాడేమిటి ఈ మనిషి! ఇక్కడ ఒక మనిషి రొమ్ము కోయించుకోబోతోంది. బస్సులో సగం దూరం వచ్చాక కోపం దిగింది. తెలియదని ఆయనైనా నోరు విప్పి అన్నాడు. నేను ఇంకా ఎవరితోనూ అనలేదు.

జనవరి 12

స్కూలు వార్షికోత్సవం ఆహ్వానాల పనిమీద మళ్లీ ఛత్తా బజార్. ఖలీల్ భాయ్ ఆ కార్డు సంగతి మరిచిపోలేదు, ఏం తేలిందని అడిగాడు. "క్యా నిక్లా మేడమ్? గలత్ నిక్లా?"

"గలత్ గాదు భాయ్. ఉన్నదే. ఎందుకున్నదో దెలుస్తలేదు."

"అప్పుడే జర చెప్తే మార్చేటోణ్ణి మేడమ్. చిన్న పని."

చాయ్ తెప్పించాడు. సగం తాగి లేచాను.

జనవరి 13

అయ్యగారికి ఫోన్ చేసి, వేరే కీర్తన చదువుదామా అన్నాను. ఎంతో ఆదరణ ఉన్నవి ఎన్ని లేవు!

"ఏమ్మా, దేవుడిచ్చిన వాగ్దానం మార్చనీకి నువ్వెవరు?"

దేవుడిచ్చాడా? నేనిచ్చాను. పేపర్లు దిద్దుతూ.

జనవరి 16, శుక్రవారం

దాటేశాను.

డేవిడ్ కరెంటు సబ్‌స్టేషన్ డ్యూటీలో. గది నిండా జనం, అందరూ నిలబడి. వదిన ఒక్కతే కుర్చీలో, ఒళ్లో పెద్దక్షరాల బైబిల్, వరస కింద వేలు. చదువుతున్నాను. సభ, తీర్పు, అనాథలు, చీకట్లో నడిచేవాళ్లు... అన్నీ బాగానే చదివాను. ఆరు వచ్చింది. గొంతు కూడా బాగానే పలికింది. వదిన నవ్వుతూ తలెత్తింది. అంతే, కళ్లు కింది వరసకు జారాయి, ఎనిమిది చదివేశాను. దేవా లే, భూమికి తీర్పు తీర్చు. అయిపోయింది.

ఎవరో స్తోత్రం అన్నారు. అయ్యగారు ఒకసారి నావైపు చూసి పేజీలోకి దించుకున్నారు తల. వదిన వేలు మాత్రం ముందుకు కదల్లేదు.

తర్వాత ఏం వాక్యం చెప్పానో ఏమో. దేవుని బిడ్డలం, దేవుని బిడ్డలం... ఇదే తిప్పి తిప్పి. సమోసాలు, చాయ్. బాగా చెప్పావన్నారు.

జనవరి 17

క్లాసుకు పోలేదు. వదిన కిందికి దిగలేదు.

జనవరి 18, ఆదివారం

చర్చికీ రాలేదు. డేవిడ్ పైనుంచి ముఖం వేలాడేసుకుని దిగాడు. "వద్దంటున్నది. ఎందుకక్కా అంటే చెప్తలేదు. 'ఇప్పుడొద్దు తమ్మీ, తర్వాత చూద్దం' అంటది. తర్వాతెప్పుడే? డాక్టర్ ఏమన్నడో దెల్వదా? నువ్వేమన్న అన్నవా?"

"నేనేమంట?"

అబద్ధమేం కాదు. అనకపోవడమే కదా నేను చేసింది.

జనవరి 19

స్కూలుకు సెలవు పెట్టి మెట్లెక్కాను. వదిన మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. తడిబట్టలో మల్లెలు ముట్టకుండా అలాగే. వాసన గదంతా.

తిరగకుండానే అడిగింది. "ఏడోది ఎందుకు దాటేసినవ్?"

మంచం దగ్గరికి నడిచాను.

"ఒకటో తారీఖునాడే సదివిన నేను. ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకొని సదివిన. మనుషుల్లెక్క చస్తరని ఉన్నది. ఉండనీ అనుకున్న. చావకుంట ఎవరున్నరు? బిడ్డను గూడ, చచ్చేదాన్ని గూడ, రెండూ నేనే అనుకున్న. ఏం ఫికర్ గాలే. కని నువ్వు దాటేసినవ్ చూడు... అందరి ముంగట, సదువుకున్నదానివి, కావాలని దాటేసినవ్. అప్పుడు భయమైంది. దీనికేదో కనపడ్డది, నాకు చెప్తలేదు అనుకున్న."

మంచం పక్కన కింద కూర్చుండిపోయాను. ఛీ. కాపాడుతున్నాననుకున్నాను! ఏడుపొచ్చింది, ఏడ్చాను. వదిన ఓదార్చలేదు. ఊరుకునేదాకా ఆగింది.

ఇక దాచలేదు. ఖలీల్ భాయ్ అడిగింది, నేను చూడనిది, సార్ గీసిన వలయం, అయ్యగారి న్యాయాధిపతులు, అన్నీ చెప్పాను.

"గా సభలోళ్లే అయితే, చచ్చేది వాళ్లా?"

"ఆ లెక్కన వాళ్లే."

"మరి బిడ్డలు?"

"బిడ్డలు గూడ వాళ్లే వదినా."

అప్పుడు ఇటు తిరిగింది. "ఇంక నాకేం మిగిలిందే?"

"ఇంకో లెక్కన రెండూ మనుషులకే..."

"నీదే లెక్క?"

"నాకు దెల్వదు."

"ఇంత సదివి దెల్వదా?" వెక్కిరింపు కాదు. తెలుసుకుందామనే అడిగింది. నేనూ నిజంగా తెలియకే అలా చెప్పాను. ఒక్కోసారి ఒక్కడే అనిపిస్తాడు, మధ్యలో నిలబడి. ఒక్కోసారి ఆ చుట్టూ ఉన్న ముఖాలు కనబడతాయి. ఒక్కోసారి ఇవేవీ కాదు, మెట్ల మీద కూర్చున్న వదినే కనబడుతుంది.

చివరికి లేచి కూర్చుంది. "సరే. చెప్పినవ్ గదా. చెప్పనప్పుడే మస్తు భయమైంది. రేపు పోదం. తమ్మికి ఇదంత చెప్పకు, వాడు తట్టుకోడు." మల్లెల బట్ట దగ్గరికి లాక్కుంది. "నువ్వు మాత్రం తేల్చు. ఆ మాట నాదా, కాదా."

జనవరి 20

చేర్చాం. మంచం కిటికీ పక్కన వచ్చింది. పక్క మంచం ఆవిడకు అప్పుడే కార్డు చూపించేసింది.

జనవరి 22

తీసుకెళ్లారు.

గాజులు, ముక్కుపుడక తీయించారు. కార్డు కూడా లోపలికి పనికిరాదన్నారు. నాలుగు మూలలా మెత్తబడిపోయింది, బంగారు అంచు రాలింది. నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "పైలంగ పెట్టు. నాది గాదని తేలితే మాత్రం నాకియ్యకు."

నీదే వదినా, అనేస్తే ఏం పోయేది! దాటేయడం ఇప్పుడు చేతకావడం లేదు, తెలిసినట్టు చెప్పడమూ చేతకావడం లేదు.

వరండాలో కుర్చీలు. డేవిడ్ కూర్చోడు, నిలబడడు. క్యాంటీన్‌కు పోయి చాయ్ తేకుండానే వచ్చాడు. నా చేతిలోంచి కార్డు తీసుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. పెదవులు వదినలాగే కదులుతున్నాయి.

"దీని తర్వాత ఏమున్నదే? జర సదువు. మనసు నిలుస్తలేదు."

సంచిలో వదిన బైబిల్ ఉంది. తీశాను. ఆ పేజీ దానంతట అదే తెరుచుకుంది, ఆరు కింద ఏడు.

ఆగు, ఇది డైరీలో రాసుకుని చదువుతాను అన్నాను. ఎదురుగా నిలబడి ఎదురుచూస్తున్నాడు.